పద్నాలుగు వందల వాట్లు

గునుపూర్లో దీపాలు పెట్టే వేళకి
కరెంటు నీరసంగా నడుస్తుంది.
నాకు తెలుసు, ఆ తీగలు లాగిన చేతులివే.
ఏ స్తంభం మీద ఏ ఫ్యూజు ఎప్పుడు అలుగుతుందో
నిద్రలో అడిగినా చెబుతాను.

ఈ నల్ల పెట్టె ఇంటికొచ్చి పదకొండు రోజులు.
కడుపులో గాలి సుడి,
వీపు మీద అంటించిన కాగితం: పద్నాలుగు వందల వాట్లు.
చదివి నవ్వుకున్నాను.
సాయంత్రం పూట మా వీధి మొత్తానికి
అంత ఓపిక ఉండదు.

కొన్నది మినతి,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీల డబ్బు దాచి.
నా రక్తం రిపోర్టు చూసిన రోజున
మూకుడు తోమి, తుడిచి, అటక మీద బోర్లించింది.
ఏమీ అనలేదు.
తను కోప్పడే పద్ధతే అంత.

సంతలో సొంబారి కేకేసింది: "సారూ!"
ఇరవయ్యేళ్లలో లైన్‌మేన్ని సారన్న వాళ్లెవరా అని
ఛాతీ కొంచెం పొంగి వెనక్కి తిరిగాను.
తట్టలో చేమదుంపలు.
ఒడియాలో వాటి పేరే సారు.
సిగ్గుపడి కిలో కొన్నాను, ఓ గుమ్మడి బద్ద కూడా.

సగం ఉడికించి, తొక్క వలిచి, చక్రాలు కోసి
బియ్యప్పిండి, పసుపు, ఉప్పు,
ఒకే ఒక్క చెంచా నూనె,
పసిపిల్ల ఒంటికి పట్టించినట్టు.

మూకుడైతే మాట్లాడేది.
ముక్క పడగానే కేక, తర్వాత గొడవ,
వేగేసరికి గుసగుస.
ఆ గుసగుస విని చట్రం అందుకునేవాణ్ణి.
ఇది ఊదుతుంది, అంతే.
లోపల ఏం జరుగుతోందో
గంట కొట్టేదాకా చెప్పదు, మినతిలాగే.

దండాసి గోడ మీంచి తల పెట్టాడు.
"లైటు తగ్గిపోనాదేటి మావా?"
"లోడు," అన్నాను.
అబద్ధమైతే కాదు.

ఈలోగా పొయ్యి మీద బెల్లం,
నా చింతపండు, తన తెంతులి,
పులుపొకటే గనక పేచీ లేదు.
ఎండుమిరప, దంచిన వెల్లుల్లి.
తీగపాకం రావాలి.
తీగల సంగతి నాకు వేరే చెప్పాలా?
బిగిస్తే చలికి తెగుతాయి,
వదిలేస్తే గాలికి ఒకదాన్నొకటి ముట్టుకుని
ఊరంతా చీకటి చేస్తాయి.

మొదటి వాయి మాడింది.
బెల్లం పూసి మళ్లీ లోపల పెట్టాక
మూడు నిమిషాలే, అయిదు కాదు.
మాడినవి నిలబడే తినేశాను,
సాక్ష్యం మిగలకుండా.

రెండో వాయి దించాను.
తేనె రంగు చక్రాలు,
అంచుల్లో అద్దం మెరుపు,
గోటితో తడితే టక్కుమన్నాయి.
మూడో వాయి పెట్టి మీట నొక్కానో లేదో
వీధి వీధంతా గుడ్డిదైపోయింది.

ఫోను మోగక ముందే కటింగ్ ప్లేయరు తీశాను.
నేరం ఎవరిదో తెలిసిన పోలీసులా
తలొంచుకుని నడిచాను.

టార్చి పళ్ల మధ్య,
ఫ్యూజు తీగ వేళ్ల మధ్య,
చొక్కాకి ఇంకా వెల్లుల్లి వాసన.
బిగించాను.
పట్నాయక్ గారి వరండా వెలిగింది,
తర్వాత కిరాణా కొట్టు, దండాసి ఇల్లు,
ఆఖర్న మా వంటిల్లు.

కిటికీలో మినతి.
తెల్ల యూనిఫాం ఇంకా విప్పలేదు,
చెప్పులు కూడా విప్పలేదు.
చీకట్లోనే మొదలెట్టినట్టుంది, పళ్లెం సగం ఖాళీ.
నా వైపు చూసింది.
ఒక ముక్క ఎత్తి చూపించి
నోట్లో వేసుకుంది.

స్తంభం మీదికి ఆ కరకర వినపడదు.
దవడ కదిలిన తీరు చూస్తూ ఉండిపోయాను.

"ఏటి మావా, కరెంటొచ్చింది కదా,
దిగవా?"