కాఫీ మరలో కుందేలు చెవి

జుమ్రా కాఫీ మరలో
ఈ పొద్దున కాఫీ లేదు.
కుందేలు చెవి బొచ్చు చిటికెడు,
కుక్క దువ్వెనలో చిక్కిన బూడిదరంగు నూగు,
పాత స్వెటరు మోచేతి దగ్గర ఊడదీసిన
ఆకుపచ్చ ఉన్ని, గోరంత.
రెషాద్ మీట నొక్కి
మూడు లెక్కపెట్టేలోపే వదిలేస్తాడు.
ఇంకాస్త తిరిగితే అది కంబళి.

మూత తీస్తే మబ్బు తునక.
"ఎలక రంగు," గుమ్మంలోంచి జుమ్రా.
అతను బదులివ్వడు.
నాలిక మీద వేలు తడిపి
ఆ పీచును అద్ది, కిటికీ వైపు ఎత్తుతాడు.
ఏటి పురుగు రంగు
తడిస్తే గానీ బయటపడదు.

మైనం రాసిన దారానికి పేని,
పద్నాలుగో నంబరు గాలానికి చుట్టి,
సూదిమొనతో అక్కడక్కడా రేపుతాడు
కాళ్లున్నట్టు, ఊపిరున్నట్టు.

మధ్యాహ్నం ప్లివా నదిలో
ఒక లిప్లెన్ చేప పైకొచ్చింది.
దగ్గరగా చూసింది.
మర్యాదగా వెనక్కి దిగిపోయింది.

సాయంత్రం యాయ్‌త్సెలో, వాళ్ల వంటింట్లో,
రెండో గుక్కకి
జుమ్రా నాలుకకు వెంట్రుక తగిలింది.
తిట్టబోయి ఆగింది.
కాఫీ కారుతున్న ఆ పోగును
దీపం కింద వేలిమీద తిప్పి తిప్పి చూసి
"ఇంకొంచెం పసుపు పడాలి," అంది.