తీగ తప్పిన చోటు

ఆఖరి స్టాపులో ఏడు నిమిషాలు ఆగుతుంది ట్రాలీబస్సు.
రెండు బస్సువి, అయిదు దోబ్రిలావి
అనుకునేవాణ్ణి.
కాదు, ఏడూ సిగరెట్టువే.

బెల్‌గ్రేడ్‌లో కోషవా గాలి వీచే నెల.
మొదలెడితే మూడు రోజులు, పంతం పడితే ఏడు.
అగ్గిపుల్ల నిలవదు.
లైటరు నాది, అడ్డం పెట్టిన అరచెయ్యి నాది,
వణుకు ఆమెది.

"గుండె తీగ తప్పింది" అంటుంది.

మా భాష అది.
బస్సు నెత్తిమీది కడ్డీ తీగ తప్పితే
ఫట్‌మని నీలిమెరుపు,
నడిరోడ్డున అరవై మందితో చీకటి.
అప్పుడు చూడాలి దోబ్రిలాని!
గ్లౌజులు తొడిగి దిగుతుంది,
వెనక తాడు పట్టి గుంజి
కడ్డీని తీగ కిందికి తెచ్చి మెల్లగా వదులుతుంది,
కార్ల హారన్లు ఏడు తరాలనూ తిట్టిపోస్తున్నా
వేలు కూడా తొణకదు.

ఇదిగో, ఇక్కడ తొణుకుతుంది
ఏమీ జరగని చోట,
ఖాళీ సీట్లూ, ఒక వీధికుక్కా, నేనూ ఉన్న చోట.

మొదటి దమ్ము.
చెవుల దాకా ఎక్కిన భుజాలు దిగుతాయి.
"చూశావా, మందు" అంటుంది పొగలోంచి.
చూశాను. పదకొండేళ్లుగా చూస్తున్నాను.

చలికాలానికి ముందు మోకాలికి ఆపరేషన్.
మూడు వారాలు ఆసుపత్రి.
మొదటి నాలుగు రోజులూ నర్సు మీద అరిచిందట,
దుప్పటి అంచు నమిలిందట.
మూడో వారం, ఒక మధ్యాహ్నం
సూప్ తాగుతూ ఉలిక్కిపడిందట:
రాత్రంతా గురగురలాడే ఫ్రిజ్
ఆగిపోయాక గానీ తెలియదే
అది మోగుతూ ఉండేదని,
అలా నిశ్శబ్దమైందట లోపల.

"పిల్లను గిల్లేదీ ఇదే, ఉయ్యాల ఊపేదీ ఇదే"
అంది తిరిగొచ్చిన రోజు.
అంటూనే చెయ్యి చాపింది.
ఇచ్చాను.

నేను మానేసి నాలుగేళ్లు.
లైటరు ఉంచుకున్నది ఆమె కోసమే.
స్నేహమనే అనుకున్నాను.

ఇవాళ చెయ్యి చాపితే
"గ్యాస్ అయిపోయింది" అన్నాను.
నా జేబు వంక చూసింది. నా మొహం వంక చూసింది.
వెలిగించని సిగరెట్టు పెదవి మీద అలాగే ఉంది.
కుక్క లేచి, అటు తిరిగి పడుకుంది.
తలమీద తీగ
గాలికి సన్నగా మూలుగుతోంది.

ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.