పలక కాచిన సాయంత్రం

పలమనేరులో బస్సెక్కేటప్పటికి
ఇంకా తెల్లారలేదు.
నలభై మందిమి, ముప్పై రెండు సీట్లు,
ఒక పలక.
పలకకు సీటిచ్చి ఢిల్లీబాబు నిలబడినాడు.

మొగిలి ఘాట్లో డ్రైవరు బస్సాపితే
అందరం గుడి వైపు తిరిగి దండం పెడితిమి.
మా గోల్‌కీపర్ది ఆ దేవుడి పేరే.
బూట్ల సంచిలో పెట్టుకో నాయనా అని
వాళ్ళమ్మ ఒక నిమ్మకాయ ఇచ్చి పంపింది.
బంగారుపాళెం దాటకముందే వాడు దాన్ని
సోడాలో పిండుకుని తాగేసినాడు.
చూసింది నేనొక్కదాన్నే.
ఇన్నాళ్ళూ ఎవురికీ చెప్పలేదు.

తిరపతిలో దిగితే ఎటు చూసినా గుండ్లు.
కొండ దిగి, నెత్తికి చందనం పూసుకుని,
రైలుకింకా మూడు గంటలుండే జనం
మా సెమీఫైనల్ చూడను గోడెక్కి కూచుండారు.
ఏ ఊరోళ్ళో, ఏ భాషోళ్ళో.
బంతి ఎవరి కాళ్ళకాడుంటే
ఆ కాసేపు వాళ్ళ పక్షం.

పలక కాచను మంట పెట్టబోతే
పోలీసాయన లాఠీతో అగ్గిపెట్టెను చూపించి
జేబులో పెట్టమనె.
కడకు టీ అంగడాయనే పాలగిన్నె దించి
పొయ్యి మాకిచ్చె.
"బిన్నా కానీండబ్బా, గిరాకీ పోతా ఉండాది."
ఢిల్లీబాబు చర్మం మీద అరచెయ్యి పెట్టి చూసె,
జొరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.
ఇంకొంచెం, అనె.
ఇంకొంచెం.
అప్పుడు మొదలుపెట్టె.

ఆట గురించి నన్నడగొద్దు.
ఆఫ్‌సైడంటే ఏందో నాకిప్పటికీ తెలీదు.
జిలాని గీత పక్కనే పరిగెత్తేటప్పుడు
మా కింద బల్ల అదిరింది తెలుసు.
హంసవేణి పట్టిన పట్టుకు
నా చేతి గాజులు మూడు పోయింది తెలుసు.
మేమొక గోల్ కొట్టినప్పుడు
ముందు వరసలో ఎవరి భుజాన్నో కొరికినానంట.
అది మాత్రం తెలీదు.

వాళ్ళూ ఒకటి కొట్టిరి.
పొద్దు వాలే యేళకు కొండ మీద మబ్బు కిందికి జారి
నాలుగు చినుకులు రాల్చిపాయ.
అంతే, పలక మెత్తబడె.
గుండెల్లో మోగేది
తడిగుడ్డ మీద తట్టినట్టాయ.
పరిగెత్తి చూస్తే టీ అంగడి మూసుండాది.

పెనాల్టీలు.
జిలాని తన్నిన బంతి కొయ్యకు తగిలి
కొండ వైపుకు ఎగిరిపాయ.
గోడ మీద గుండ్లన్నీ ఒక్క గొంతుతో
"గోవిందా!"
మొక్కినారో, పోయిందన్నారో.
ఈ ఊర్లో ఆ రెండు మాటలూ ఒకటే.

కడాకరు బంతికి మొగిలి కుడిపక్కకు దూకె.
బంతి ఎడమపక్కకు పాయ.
నాకు నిమ్మకాయ గుర్తొచ్చె.

వాడట్లే బోర్లా పడుకునుండాడు, లేయలేదు.
ఢిల్లీబాబు ఆ మెత్తబడిన పలకనే
మళ్ళీ ఎత్తుకునె.
తుప్, తుప్, తుప్.
దానికి తగ్గట్టు మేము వాడి పేరు అరిస్తిమి,
వాడు మోకాళ్ళ మీదికి లేసేదాకా,
గోడ మీద జనం కూడా
అదేం పేరో తెలీకనే అరిచేదాకా.

శెనక్కాయలమ్మే కన్నెమ్మ గంపెత్తుకుంటా అడిగె:
"ఎవురు గెలిచిరి పాపా?"
"వాళ్ళు."
"మరి మీరెందుకు గొంతులు చించుకుంటా ఉండారు?"
చెప్పను గొంతు లేదు.
ఆమె మిగిలిన కాయలన్నీ నా చున్నీలో పోసి
దుడ్లు వద్దనె.

రాత్రి బస్సులో మొగిలి నా ముందు సీట్లో.
తిరక్కుండానే అడిగినాడు:
"నిమ్మకాయ గురించి చెప్తివా ఎవురికన్నా?"
"లేదు."
చానాసేపు ఊరకుండి,
"సోడా బాగుండెలే" అన్నాడు.

ఘాటెక్కేటప్పుడు చల్లగాలి తగిలి
పలక మళ్ళీ బిగుసుకునుంటుంది.
మలుపులో ఎవరి మోకాలో తగిలి
ఒక్క దెబ్బ, గట్టిగా, పలికె.
నిద్రపోతా ఉండే నలభై మందిమీ
కండ్లు తెరవకనే అరిస్తిమి.