ఇత్తడి అతుకు

రంగు చూడకుర్రి సారూ,
రంగు రాత్రికి రాత్రి పుడ్తది.
బోర్లేద్దాం పట్టుర్రి. బోర్ల పడితెనే సైకిల్
నిజం చెప్తది, తాగినోని తీర్గ.

సీటు కింద, గొట్టం మూతి కాడ
కిరసనాయిలు గుడ్డతోని రుద్దుర్రి. మెల్లగ.
మసి పోవాలె, అంకె పోవద్దు.
కండ్లతోని కాదు, బొటనవేలితోని చదువుర్రి.
మొదటి అంకె అరిగింది. ఐదా, ఆరా?
మీరు ఐదంటే బండి పాతబడ్తది,
ఇనుప సామాన్లోడు నాకింత ఎక్కువిస్తడు.
కని ఆరే.

ఎన్క హబ్బు మీద రెండంకెలున్నయి,
నూక గింజలంతటివి. యాభై రెండు.
అది హబ్బు పుట్టిన ఏడు, బండిది కాదు.
పెద్దోని అంగి చిన్నోడు తొడుక్కుంటడు గదా, గట్ల.

పుల్లలు లెక్కవెట్టుర్రి: ముందల ముప్ఫై రెండు, ఎన్క నలభై.
పాత ఇంగ్లిషు లెక్క, సరిగనే ఉన్నది.
రిమ్ము మాత్రం లూధియానాది,
అంచు మడత చూస్తె ఎర్కైతది.
గంట మూత అసలుది, లోపలి పండ్లు కావు.
పెడల్ రబ్బర్లు టైరు కోసి కట్టినయి.
ఎడమ కాటర్ పిన్ను ఫ్యాక్టరీది,
కుడిది, మొలను అరగదీసి కొట్టిండు ఎవడో.
వాడు నేను కాదు.

హాండిలా? పచ్చగ వెచ్చగ మెరిస్తె నికిలు,
నీలంగ సల్లగ మెరిస్తె క్రోము.
గిది రెండూ కాదు, చెమట.
కుడి పిడి ఎక్కువరిగింది సూడుర్రి,
ఎడమ చేతిల టిఫిన్ డబ్బా ఉండేది.

ఆ బిళ్ళలు పీకకుర్రి!
మున్సిపాలిటి లైసెన్సు బిళ్ళలవి.
ఏడాదికోటి కట్టాలె అప్పట్ల, కట్టకుంటె
చౌరస్తాల ఆపి గాలి తీసేటోళ్లు.
ఒక్క తీగకు మూడున్నయి.
అరవై ఏడు, అరవై ఎనిమిది, డెబ్బై.
అరవై తొమ్మిదిల ఏం జరిగిందో
గీ ఇనుముకు తెలుసు, అడిగితె చెప్పది.
కుదువ వెట్టిండొచ్చు. నడిచిండొచ్చు.

ఇగ గిక్కడ, తల గొట్టం కింద
వేలు పెట్టుర్రి. తగిలిందా,
చింతగింజంత గడ్డ?
ఫ్యాక్టరీ అతుకైతె ఇత్తడి లోపట్నే పారుతది,
బయటికి కనబడది.
గిది కారి గడ్డకట్టింది.
మంట ఎప్పుడు తియ్యాల్నో తెల్వనోడు వెట్టిండు.

పద్నాలుగేండ్ల పోరడు.
జానిమియా ఉస్తాద్ నమాజుకు పోయిండు.
ఆజంజాహి మిల్లు రెండో సైరనుకు
పావుగంటున్నది.
నేత ఖాతల రాపోలు కనకలింగం
ఇరిగిన బండిని భుజం మీదేసుకొని వచ్చిండు.
జర జల్ది అనలే, ఏమనలే.
గోడ గడియారం దిక్కే చూస్తుండు.
గా చూపుకు నా చెయ్యి వణికింది.

ఉస్తాద్ వచ్చేసరికి బండి పోయింది.
ఆయన నా చేతి మీది బొబ్బను చూసి
అతుకెట్ల కుదిరిందో కనిపెట్టిండు,
నేను గిప్పుడు మీ బండిని చదివినట్టు.
కొట్టలే. ఒక్కటే అడిగిండు,
"ఆకురాయి వెట్టినవా?"
వెట్టలే.
"రేపు రమ్మను."

కనకలింగం రేపు రాలే.
గాలి కొట్టించుకోను వచ్చేటోడు, నెలకోపారి,
దిగేటోడు కాదు, ఒక కాలు నేల మీద పెట్టి,
"అతుకు మంచిగుందిరా" అని పోయేటోడు.
ఉస్తాద్ పోయిండు. మిల్లు పోయింది,
సైరన్ లేక మా గల్లీల పొద్దే తెలుస్తలేదు కొన్నొద్దులు.
నలభై ఏడేండ్లకు
ఇయ్యాల వచ్చింది, బోర్ల పడి.

రాసుకోర్రి మీ కాగితం మీద:
చట్రం అసలుది, ఫోర్కు అసలుది,
హబ్బు వేరేదానిది, ముందు రిమ్ము మారింది.
అతుకు అసలుది కాదు.
ధర తగ్గించుర్రి, న్యాయమే,
నేను కాదన.

ఆకురాయి గీడ్నే ఉన్నది, బల్ల మీద,
ఉస్తాద్‌దే. పిడి ఒక్కటే మార్చిన.
రెండు నిమిషాల పని,
గీకితె గడ్డ ఉండది, మీ వేలికి గూడ దొరకది.

మీరు ఎదురుంగ చాయ్ తాగి రార్రి.