తాళానికి నోరు

క్లాక్స్‌విక్ రేవులో ఫిబ్రవరి, తెల్లవారుజాము మూడున్నర.
సూర్యుడు రావడానికి ఇంకా అయిదు గంటలు.
చేపల వేలం మాత్రం ఆరింటికే.

రన్వా ఎదుట తెర మీద ఒకే ఒక్క ముక్క:
"ఎన్‌క్రిప్షన్ మొదలు కాలేదు. తెలియని లోపం."

తెలియనిది ఎవరికి?

సర్టిఫికెట్ గడువు చూసింది, జూన్ దాకా ఉంది.
పోర్టు చూసింది.
ఫైలు పేరు మీద వేలు పెట్టి
ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంది.
సర్వర్ని ఆపింది, లేపింది, ఆపింది, లేపింది.
లేచిన ప్రతిసారీ అదే మాట,
తలెత్తకుండా "రేపు రండి" అనే గుమాస్తాలా.

కిటికీ అవతల పడవ ఒకటి తాడు విసిరింది.
నలభై టన్నుల కాడ్ చేప, మంచులో,
తూకం లేక, పేరు లేక, ధర లేక.

అయిదూ ఇరవైకి దొరికింది.
కొత్త తాళంచెవిని రాత్రి తనే కాపీ చేసింది,
ఎవరైనా చదవగలిగేలా వదిలేసింది.
ఊరంతా చూసిన చెవితో తలుపు వెయ్యనని
భీష్మించుకు కూర్చుంది సర్వరు.
న్యాయమే.
తప్పు చేసింది తను. పట్టుకున్నది అది.
పట్టుకుని, పెదవి బిగించిందీ అదే.

ఆరు, సున్నా, సున్నా.
మూడంకెలు కొడితే తాళం పడింది.

తాళానికి చెవి పెట్టినవాళ్ళు
నోరు పెట్టడం మరిచిపోయారు.

ఇంటికి పోతూ కాటా దగ్గర ఆగింది.
ట్రోండుర్ సుద్దముక్కతో పలక మీద రాసి పోయాడు:
"ఎడమ కాటా పదకొండు కిలోలు ఎక్కువ చూపుతోంది.
కింద మంచు గడ్డకట్టింది.
సుత్తి తలుపు వెనక."
చదివింది. చేతిగ్లవ్స్ తొడుక్కుంటూ మళ్ళీ చదివింది.

ఆ ఆదివారం సర్వరు మూలకోడ్ తెరిచింది.
పంతొమ్మిదేళ్ళ కింద ఎవరో అలసిపోయి రాసిన వరస,
అయిదు జబ్బులకీ అదే మాత్ర.
విడదీసింది. ఒక్కోదానికి ఒక్కో మాట.

మోంటెవిడియో నుంచి ఎవారిస్టో అడ్డు చెప్పాడు:
"ఇంత విప్పి చెబితే దొంగకి దీపం పట్టినట్టు కాదూ?"
రెండు రోజులు ఆలోచించి రాసింది:
"గుమ్మం బయట తట్టేవాడికి ఇప్పట్లాగే 'కుదరదు'.
ఇది లోపలి లాగ్‌లో, ఇంటివాళ్ళకి."
అతను ఒప్పుకున్నాడు.
'దయచేసి' మాత్రం కొట్టేశాడు.
దానికోసం ఆమె పదకొండు ఉత్తరాలు పోట్లాడి
ఓడిపోయింది.

రెండు చలికాలాల తర్వాత
అదే కుర్చీ, జ్వరం, కొత్త తాళంచెవి,
అదే పొరపాటు.

తెర పలికింది:
"తాళంచెవి ఫైలును ఇతరులు కూడా చదవగలరు, అందుకే వాడలేదు.
యజమాని ఒక్కరే చదివేలా అనుమతి మార్చండి."
కింద, ఫైలు ఉన్న చోటు.

ఎవరో బాగానే రాశారే, అనుకుంది.
ఒక్క క్షణం.
తర్వాత ముక్కు తుడుచుకుని,
'దయచేసి' ఉండాల్సిన ఖాళీ వైపు
కాస్త కోపంగా చూసి,
మూడంకెలు కొట్టింది.

కింద పలక మీద ట్రోండుర్ అక్షరాలు:
"కాఫీ అయిపోయింది.
కొత్త పొట్లం నా సొరుగులో, కుడి పక్క.
సొరుగు ఇరుక్కుంటుంది. పైకెత్తి లాగు."