తెల్లగడి

గ్రిమ్స్‌బీలో ఫిబ్రవరి, పొద్దున్న ఆరు. ఇంకా రాత్రే.
రేవు మీది చేపల వాసన
కార్ పార్క్ దాటి నా కిటికీ దాకా వచ్చి నిలబడుతుంది.
నేను రోటా రాసే మనిషిని.
డాక్టర్‌ని కాను.
డాక్టర్ లేని చోటు అందరికంటే ముందు నాకే కనపడుతుంది.

పొట్టి దుప్పటి నా ఉద్యోగం.
మంగళవారం తల మీదికి లాగితే
గురువారం కాళ్ళు బయటపడతాయి.

తెల్లగడి అంటే మనిషి లేడని.
పసుపు అంటే బతిమాలుతున్నానని.
ఎరుపు అంటే
హెటీ థొరాల్డ్ మళ్ళీ సరేనందని.

కియరన్ పెర్త్ వెళ్ళిపోయిన రోజు
కేకు మీద కంగారూ వేయించారు.
కత్తి దొరక్క
నాలుక నొక్కి చూసే చెక్కపుల్లతో కోశాం.
సగం కోసేసరికి అతని బ్లీప్ మోగింది.
అలవాటుగా నడుం తడుముకున్నాడు.
అది అప్పటికే హెటీ నడుముకుంది.

అంతకుముందు ఇఫియోమా.
ఎనుగు నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి మెల్‌బోర్న్‌కి.
ఆమె వచ్చిన రోజు
నా గడి నిండిందని టీలో రెండు చెంచాల చక్కెర వేసుకున్నాను.
అక్కడ ఎవరి గడి తెల్లబడిందో
అడగాలని తోచలేదు.
పార్వతీపురంలో, చిన్నప్పుడు,
అమ్మ నన్ను చంకనేసుకుని వెళ్తే
"డాక్టరు గారు లేరు" అని పలక వేలాడేది.
ఆ పలకకి రంగు వెలిసినా అక్షరాలు చెరగలేదు.

మొన్న పైనుంచి ముగ్గురొచ్చారు,
ఉన్నవాళ్ళని ఉంచుకోవడం ఎలాగో తేల్చడానికి.
ఏం చేస్తే ఉంటారో రాయండి అని
రంగు చీటీలు పంచారు.
యోగా పెట్టిస్తామన్నారు. నెలకోసారి పీజా.
చీటీలు ఏరింది నేనే. పేర్లు లేవు,
కానీ ఏళ్ళ తరబడి ఆ చేతిరాతలు నాకు తెలుసు.
'రాత్రి రెండింటికి వేడిగా ఏదైనా.
తాళం పడే లాకర్.
మా అక్క పెళ్ళికి ఒక్క రోజు. ఆర్నెల్ల కిందటే అడిగాను.'

అడిగింది.
కుదరదని జవాబిచ్చింది ఎవరో కాదు.
"క్షమించాలి" అని కూడా టైపు చేశాను,
అది అన్ని జవాబుల కిందా దానంతటదే వస్తుంది.

ఇవాళ హెటీ నా బల్ల దగ్గరికి వచ్చింది.
రాత్రంతా నడిచిన బూట్లు, చెంప మీద మాస్కు గీత.
ఇక్కడ పనిచేసిన తేదీలు నిజమేనని
ఒక సంతకం కావాలట. అడిలైడ్ వాళ్ళు అడిగారట.
"తొందరేం లేదు," అంది.
తొందర లేదన్న మాట
ఇంత మెత్తగా అనగలిగేది వెళ్ళిపోయేవాళ్ళే.

పెళ్ళెప్పుడు అన్నాను.
వచ్చే నెల పద్నాలుగు.

ఆమె వెళ్ళాక ఆ గడి మీద ఎరుపు తీసేశాను.
పదకొండేళ్ళలో మొదటిసారి
నా చేత్తో నేనే ఒక గడిని తెల్లగా చేశాను.
ఆ రాత్రి పన్నెండో పడకలో ఎవరుంటారో,
గంట నొక్కితే ఎవరు పరిగెత్తాలో
నాకు తెలియదు. భయంగానే ఉంది.

అడిలైడ్ కాగితం
టీ కప్పు కింద ఉంది.
దాని మీద గుండ్రంగా తడి మరక.
కొత్తది ప్రింటు తీయాలి.