లైన్ క్లియర్

తొక్క తియ్యలేదు.
మట్టి పోయేదాకా కొబ్బరిపీచుతో రుద్ది
నిలువునా కోశాను, దుంపకి ఎనిమిది చొప్పున.
మొదటి నీళ్లు పాలు.
రెండోసారి బియ్యం కడుగు.
మూడోసారికి గిన్నె అడుగు కనబడింది.

కుముదినీ మావుసి గోడమీంచి చూసి
"ఆళుకి ఇన్ని నీళ్లా!" అంది.
ఆవిడకది ఆళు, నాకు బంగాళాదుంప.
సంతలో అమ్మిన సవరపిల్ల ఏమంటుందో అడగలేదు,
కిలో నలభై అని మాత్రం
ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పింది.
బంగాళం లారీలు ఆగిపోయాయట.
పేరులో ఊరున్న దుంప
మా గుణుపురం రావడానికి ఎవరి దయో కావాలి.

ఈ పొయ్యి దండాసి తెచ్చాడు,
రాయగడలో బేకరీ ఎత్తేసినవాడి దగ్గర కొని,
గోనెపట్టా చుట్టి, బస్సు టాపు మీద.
తలుపు అద్దానికి ఓ మూల పగులు.
"రెండువేల వాట్లు లాగుతుంది సుమా"
అన్నాడు, కొత్తల్లుడి తిండి గురించి చెప్పినట్టు.

ఉప్పేసిన మరుగునీళ్లలో ఆరు నిమిషాలు.
వార్చి, పాత నేతచీర ముక్క మీద పరిచి
ఒక్కోటీ తుడిచాను. తడి ఉంటే కరకర రాదు.
నూనె, కారం, నలిపిన వాము,
గుప్పెడు బియ్యప్పిండి. ఇది మాత్రం నా సొంతం.
రేకు ముందే కాలి ఉండాలి,
ముక్క పడగానే చుయ్యిమనాలి.
ఒకదానికొకటి తగలకూడదు,
తగిలితే ఒకదాని ఆవిరికి ఒకటి మెత్తబడిపోతాయి.
పదకొండేళ్లుగా ఒకే గదిలో
మేమిద్దరం మెత్తబడలేదూ.

ఇరవై నిమిషాలయ్యాక
తిరగేద్దామని పట్టకారు తీశాను.
కరెంటు పోయింది.

అద్దం వెనక ఎర్రతీగలు
నిదానంగా బూడిదరంగయ్యాయి.
"కొణొ హెలా?" మావుసి గొంతు చీకట్లోంచి.
అంతలో ఫోను. దండాసి.
"గడ్డిలోడు లారీ తగిలి తీగ తెగింది,
వంశధార వంతెన దగ్గర.
లైన్ క్లియర్ నేనే తీసుకున్నా.
మన ఫీడరే..."
ఆగాడు. "పొయ్యి పెట్టేవా?"

వెనక ఎవరో నిచ్చెన ఈడుస్తున్నారు.
తిట్టాలో నవ్వాలో తెలీక
"మెల్లిగానే కట్టు," అన్నాను.
"తలుపు తియ్యనులే."

తియ్యలేదు.
మావుసి వచ్చి గడపలో కూచుంది.
అద్దం పగుల్లోంచి సన్నగా వాము వాసన.
చుట్టుపక్కల ఇళ్లు కరెంటోళ్లని తిడుతున్నాయి
తెలుగులో సగం, ఒడియాలో సగం.
తిట్టనీ.
ఈ చీకటి ఉన్నంతసేపూ
ఆ తీగలో ప్రాణం లేదు.
తీగలో లేనంతసేపూ
అతనిలో ఉంటుంది.
ఎవరైనా తొందరపడి స్విచ్చి వేస్తారేమోనని
వీధి చివరి బల్బునే చూస్తూ కూచున్నా.

నలభై రెండు నిమిషాలు.
ముందు ఆ బల్బు, తర్వాత మావుసింట్లో టీవీ,
తర్వాత నా ఎర్రతీగలు.
దీపాలు రాగానే ఊరంతా హమ్మయ్య అంది,
నా గుండె ఒక్కటే జారింది.
ఫోను చేస్తే ఎత్తలేదు.
మళ్లీ చేశాను.
"దిగేను," అన్నాడు.

అప్పుడు తిరగేశాను దుంపల్ని.

ఆవిరంతా ఆ పగుల్లోంచే పోయింది కాబోలు,
మెత్తబడతాయనుకున్నవి బిగిశాయి.
నాలుగైదింటి అంచులు మాడాయి.
రబ్బరు గ్లౌజుల వాసన చేతులతోనే
ఒకటి తీసి కొరికాడు.

ఆ చప్పుడుకి
గోడమీంచి ఓ ఇత్తడి పళ్లెం
ఇటు జరిగింది.